కాలువలో జాడించిన ప్లాటినం

ఆ ఏడాది మా పరిశోధనశాల వాటాకి వచ్చిన ప్లాటినం మొత్తం నలభై గ్రాములు. అందులో ఆరు గ్రాములు మా మామగారు ఒక మంగళవారం పొద్దున కాలువలో జాడించేశారు.

బూడిదలో పోసిన పన్నీరు అంటారు గదా, ఇది అంతకన్నా అన్యాయం. పన్నీరైతే బజారులో దొరుకుతుంది. ప్లాటినం అప్పటికి రేషను సరుకైపోయింది. నీటిని కరెంటుతో విడగొట్టి హైడ్రోజన్ తీసే యంత్రాలు ప్రపంచమంతా పెట్టేసుకున్నారు. ఆ యంత్రం లోపలి పలక మీద ప్లాటినం ఉంటేనే హైడ్రోజన్ సులువుగా బుడగలై పైకొస్తుంది. లేకపోతే పెట్టిన కరెంటులో సగం నీళ్లు వేడెక్కడానికే పోతుంది. గనుల్లో దొరికేది పిడికెడు, చెయ్యి చాచేవాళ్లు లోకమంతా. చివరికి దేశానికింత, పరిశోధనశాలకింత అని పంచుకోవాల్సి వచ్చింది.

మాకు పక్కనే బందరు రేవు. అక్కడి మూడు వందల మర పడవలు డీజిల్ మానేసి ఐదేళ్లయింది. రేవులోని హైడ్రోజన్ స్టేషన్ నిండితేనే అవి కదులుతాయి. ఆ స్టేషన్ యంత్రంలో పలకలు అరిగిపోయాయి. కొత్త పలకలకి అడిగినదాంట్లో ఇరవయ్యో వంతు ప్లాటినమే ఇస్తామని పైనుంచి కబురొచ్చింది. వేట నిషేధం జూన్ పద్నాలుగుతో ముగుస్తుంది, పదిహేనో తేదీ పొద్దున పడవలు సముద్రం మీదికి వెళ్లాలి. ఆలోగా ఇరవయ్యో వంతు ప్లాటినంతో పూర్తి పని చేసే పలక తయారు చెయ్యాలి. ఆ పని నాది. స్టేషన్ నడిపేది నా మొగుడు భార్గవ్. అంచేత ఆఫీసు బెంగ వేరు, ఇంటి బెంగ వేరు అనే సౌకర్యం కూడా నాకు లేకుండా పోయింది.

నా ఆలోచన కొంచెం మామగారి దగ్గర కొట్టేసిందే. ఆయన పేరు పానకాలరావు. పెడనలో నలభై ఏళ్లు కలంకారీ అద్దకం చేసిన మనిషి. అద్దకానికి ముందు గుడ్డని కరక్కాయ నీళ్లలో నానబెడతారు. కరక్కాయ వగరు లోహాల ఉప్పుల్ని గట్టిగా పట్టుకుంటుంది, అందుకే ఆ రంగులు ఉతికినా పోవు. ఆ వగరు ప్లాటినాన్ని కూడా పట్టుకోదా అని నాకు తోచింది. ఆయన్ని అడిగితే పాత పద్ధతిలో, కరక్కాయతో పాటు గేదెపాలు కూడా కలిపి గుడ్డలు నానబెట్టి ఇచ్చారు. "మా నాన్న పాలు కలిపేవాడమ్మాయ్. రంగు పక్కకి పాకదు. ఇప్పుడెవడు కలుపుతున్నాడు, కాఫీకే చాలట్లేదు," అన్నారు.

ఆ గుడ్డలు ఆరింటిని ప్లాటినం ఉప్పు కలిపిన నీళ్లలో ముంచి పరిశోధనశాల వెనక వరండాలో ఆరేశాను. ఆరాక గాలి తగలని కొలిమిలో కాల్చి బొగ్గుగుడ్డ చెయ్యాలి. అదే పలక. మా పరిశోధనశాల పెడన శివార్లలోనే ఉంది, వెనక గోడ దాటితే కాలువ. అత్తయ్య పోయిన దగ్గర్నుంచీ వంట మామయ్యదే. రోజూ పొద్దున్నే నా క్యారేజీ తెచ్చి ఇచ్చి, కాసేపు కాలువ గట్టున కూర్చుని వెళ్లేవారు.

ఆ మంగళవారం నేను లోపల మీటింగులో ఉన్నాను. బయటికొచ్చేసరికి తాడు ఖాళీ. కాలువ గట్టు మీంచి మామయ్య తడి గుడ్డలు భుజాన వేసుకుని, ఏదో ఉపకారం చేసిన మొహంతో నడిచొస్తున్నారు.

"ఏవమ్మా, ముంచిన గుడ్డని జాడించకుండా ఆరేస్తారా ఎక్కడన్నా? అద్దకం తెలిసినోడెవడన్నా చూస్తే మనింటి పరువేంగాను? బండకేసి నాలుగు బాది తెచ్చా."

మెట్టు మీద కూలబడ్డాను.

"మామయ్యా, అందులో ఆరు గ్రాముల ప్లాటినం ఉంది."

ఆయన గుడ్డల వంక, కాలువ వంక చూశారు. కంగారు పడలేదు. "ఉంటే ఏం? గుడ్డకి పట్టింది నీళ్లకి పోదు. పోయిందీ అంటే అది పట్టనట్టే గదా," అన్నారు.

ఆ మాటకి నేను ఏం జవాబిచ్చానో రాయడం మర్యాద కాదు. ఆయన్ని అప్పటిదాకా పల్లెత్తు మాట అనని కోడలిని. ఆ రోజు వరండాలో పది మంది ముందు అన్నాను. ఆయన క్యారేజీ అరుగు మీద పెట్టి వెళ్లిపోయారు.

మా డైరెక్టర్ రుక్సానా మేడమ్ అరిచే మనిషి కాదు. కళ్లజోడు తీసి కొంగుతో తుడవడం మొదలుపెట్టారంటే చాలు, ఎదుటివాళ్లకి గుండె జారుతుంది. ఆ రోజు చాలాసేపు తుడిచారు. చివరికి, "ఎలాగూ పోయినవే. కాల్చి చూడు," అన్నారు.

కాల్చాను. తూచి చూస్తే ఆరు గ్రాముల్లో అర గ్రాము కూడా మిగల్లేదు. ఆ నల్ల గుడ్డ ముక్కని నీళ్లలో దించి కరెంటు ఇచ్చాను. ఇచ్చి, అటు తిరిగి నోట్సు రాసుకుంటున్నాను. వెనకనుంచి సోడా మూత తీసినట్టు చప్పుడు. తిరిగి చూస్తే గ్లాసు నిండా తెల్లగా బుడగలు. మీటరు తప్పు చూపిస్తోందని మార్చాను. రెండో మీటరు కూడా అదే చెప్పింది. పన్నెండో వంతు ప్లాటినంతో, నిండా ప్లాటినం ఉన్న నిండు పలక ఇచ్చేంత హైడ్రోజన్ వస్తోంది.

సంగతి ఇదీ. ప్లాటినం ముద్దగా ఉంటే పైనున్న పరమాణువులే నీటిని తాకుతాయి, లోపలివన్నీ ఊరికే కూర్చుంటాయి. పెళ్లిలో వడ్డనకి వంద మంది వచ్చి, నలుగురే గరిటె పట్టినట్టు. మామయ్య బండకేసి బాదినప్పుడు ముద్దలన్నీ కాలువలో కొట్టుకుపోయాయి. కరక్కాయ వగరు పట్టుకున్న పరమాణువులు మాత్రం దేని చోట అది, విడివిడిగా మిగిలాయి. పాలలోని సత్తువ కాలి, వాటిని మళ్లీ ముద్ద కాకుండా ఆపింది. ఆ గుడ్డలో పని లేకుండా కూర్చున్న పరమాణువు ఒక్కటీ లేదు.

సాయంత్రం ఇంటికెళ్లి ఆయన ముందు నిలబడ్డాను. క్షమించమని అడిగేలోపు ఆయనే అన్నారు: "పప్పు తినకుండా క్యారేజీ అట్టాగే తెచ్చావంట, భార్గవ్ చెప్పాడు. కోపం నా మీదైతే పప్పేం చేసింది?"

మర్నాటి నుంచి మామయ్య మా పరిశోధనశాల మనిషి. ఉద్యోగం పేరు ఏం రాయాలో ఎవరికీ తెలియక 'జలవిభాగ సలహాదారు' అని రాశారు. ఆ కార్డు మెడలో వేసుకుని ఆయన పెడన బజారంతా ఒకటికి రెండుసార్లు తిరిగొచ్చారు. ఆరేళ్ల కిందట మిషను ప్రింట్లకి తట్టుకోలేక అద్దకం మూసేసిన దగ్గర్నుంచీ ఆయన బజారులో తలెత్తి నడవడం నేను చూడలేదు.

కాలువలో జాడించడం ఇక కుదరదు గదా, తొట్టెల్లో కడుగుదామన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "నిలవ నీళ్లలో జాడిస్తే వదిలిన మడ్డి మళ్లీ గుడ్డకే అంటుకుంటది. పారాల, నీళ్లు పారాల." నిజంగానే తొట్టెలో కడిగిన గుడ్డలన్నీ పాడయ్యాయి. అప్పుడు పరిశోధనశాల పెరట్లో నలభై అడుగుల సిమెంటు కాలువ కట్టించి, పక్కన బండ వేయించాం. పంపు పెట్టి అవే నీళ్లు తిప్పాం. కొట్టుకుపోయే ప్లాటినం కోసం కాలువ చివర కరక్కాయ పిప్పి నింపిన సంచులు అడ్డం కట్టాం. వగరు పని వగరు చేసింది. పోయిన దాంట్లో ముప్పావు వంతు సంచుల్లో దొరికింది. మొదటి రోజు ఊరి కాలువలో పోయిందైతే పోయినట్టే, అది ఇప్పటికీ ఆ బురదలోనే ఉంది.

ఫిబ్రవరికి పదిహేనో వంతు. మార్చికి పద్దెనిమిదో వంతు. రేవులో చేపలు పట్టేవాళ్లు భార్గవ్‌ని ఆపి, "మీ నాయన గుడ్డలెంతవరకొచ్చినయ్?" అని అడిగేవాళ్లు. కానీ గుడ్డ మామయ్య జాడిస్తేనే కుదిరేది. మిషను పెట్టి చూశాం, పరిశోధక విద్యార్థులతో చేయించాం, లాభం లేకపోయింది. జిగురు పోయి గుడ్డ చేతికి గరుకుగా తగిలే క్షణం ఒకటుంటుందట. దానికి ముందు ఆపితే ముద్దలు మిగులుతాయి, తర్వాత ఆపితే ఉండాల్సినవీ పోతాయి. ఆ క్షణం ఆయన వేళ్లకి తెలుసు.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి.

మేం వాడేది క్లోరిన్ ఉన్న ప్లాటినం ఉప్పు. దాని తుంపర్లు, దాని దుమ్ము పీలిస్తే కొందరి ఊపిరితిత్తులు ఎదురు తిరుగుతాయి. ఒకసారి తిరిగితే ఇక రాజీ ఉండదు, ఆ తర్వాత రవ్వంత తగిలినా ప్రాణం మీదికొస్తుంది. ఇది పుస్తకంలో ఉంది. నేను చదివాను, ఒకసారి కాదు రెండుసార్లు. మొదటి రోజే మామయ్యకి రబ్బరు గ్లౌజులు, ముక్కుకి మాస్కు ఇచ్చాను. ఆయన గ్లౌజులు తొడుక్కుని గుడ్డ పట్టుకుని, "కళ్లకి గంతలు కట్టి దారి చూపమన్నట్టుంది," అని విప్పి పంపు మీద పెట్టారు. మాస్కు మెడకి జారింది. నేను చూశాను. ఆ రోజు గుడ్డ బ్రహ్మాండంగా వచ్చింది. ఏమీ అనలేదు.

మర్నాడూ అనలేదు. గుడ్డలు బాగా వస్తున్న కొద్దీ అనడం ఇంకా కష్టమైపోయింది. ఆయన బండకేసి బాదుతుంటే తుంపర లేచి ఎండలో మెరిసేది, ఆరిన గుడ్డని ఆయన అలవాటుగా విదిలించి దులుపుతుంటే సన్నటి ధూళి లేచేది. నేను కిటికీలోంచి అంకెల కేసి చూసుకుంటూ ఉండేదాన్ని.

మార్చి చివర ఆయనకి తుమ్ములు పట్టుకున్నాయి. "మామిడిపూత పడదులే నాకు," అన్నారు. ఏప్రిల్లో మెట్లెక్కి డాబా మీదికి రావడం మానేశారు. మధ్యాహ్నం కునుకు కుర్చీలో కూర్చునే తీసేవారు. "పడుకుంటే నడుం పట్టేస్తందమ్మాయ్," అన్నారు. నమ్మాను. నమ్మడం నాకు అవసరం గనక నమ్మాను.

మే పన్నెండున, ఇరవయ్యో వంతు అందిన రోజే, ఆయన గుడ్డని బండకేసి నాలుగోసారి ఎత్తి, దింపలేదు. అలాగే కాలువ అంచున కూర్చుండిపోయారు. దగ్గరికి పరిగెత్తితే ఆయన ఛాతీలోంచి సన్నటి ఈల వినిపిస్తోంది. పెదాలు నీలంగా ఉన్నాయి.

బందరు ఆసుపత్రిలో డాక్టరుగారు మందు పట్టించి, మాస్కు పెట్టి, "ఏం పని చేస్తారీయన?" అని అడిగారు.

"అద్దకం," అన్నాను. భార్గవ్ నా వంక చూశాడు. ఒక్క నిమిషం ఆ మాటనే అలా వదిలేద్దామనిపించింది. అబద్ధం కూడా కాదు. కానీ అలా వదిలేస్తే ఆయనకి అసలు మందు అందదు. మొత్తం చెప్పాను, పుస్తకంలో ఉన్నదీ, నేను చదివిందీ.

డాక్టరుగారు చివరిదాకా విని, "ఆ ఉప్పున్న చోటికి ఈయన మళ్లీ వెళ్లకూడదు. పెరటి గుమ్మంలోకి కూడా. ఈసారి తీసుకొచ్చారు. ఇంకోసారి తీసుకురాగలిగే టైముండదు," అన్నారు.

మామయ్య మాస్కు పక్కకి జరిపారు. రెండేసి మాటలకి ఒకసారి ఆగి ఊపిరి అందుకుంటున్నారు.

"తప్పు నాదే... అమ్మాయ్. రెణ్ణెల్లుగా... తెలుసు నాకు. చెప్తే నన్ను... ఇంటో కూచోబెడతావని... చెప్పలా."

"ఎందుకు మామయ్యా? ఇంట్లో కూర్చుంటే ఏమైంది?"

"ఆరేళ్లు... కూచున్నాగా."

నాకు ఏడుపు ఆగలేదు. భార్గవ్ మాత్రం ఏడవలేదు. నాతో మూడు రోజులు మాట్లాడలేదు, ఆ తర్వాతా అడిగినదానికి జవాబే. మాట్లాడి ఉంటే ఏమనేవాడో నాకు తెలుసు, అందుకని నేనూ కదిలించలేదు.

మే పద్నాలుగున రుక్సానా మేడమ్ పిలిచారు. "పానకాలరావుగారి వైద్యం మొత్తం మనది, జీవితాంతం. అది మొదటి మాట. రెండోది, పడవలు. పెడనలో పన్నెండు మంది అద్దకం పనివాళ్లు వస్తామన్నారు. మాస్కులు, గ్లౌజులు, ఇద్దరు సూపర్‌వైజర్లు. నెల రోజులే గదా."

"గ్లౌజులు విప్పేస్తారు మేడమ్."

"విప్పకుండా చూద్దాం."

"విప్పకపోతే గుడ్డ రాదు. గుడ్డ రాకపోతే సూపర్‌వైజరే అటు తిరుగుతాడు. నేను తిరిగాను గదా మేడమ్, నాకు తెలియదా?"

ఆవిడ కళ్లజోడు తీశారు. తుడవలేదు, చేతిలో పట్టుకుని కూర్చున్నారు.

"క్లోరిన్ లేని ప్లాటినం ఉప్పు ఉంది," అన్నాను. "అమ్మోనియాతో చేసేది. అది ఊపిరితిత్తుల్ని రెచ్చగొట్టదని పాత పరిశోధనలు చెబుతున్నాయి. ఉప్పు మారుద్దాం."

"ఐదు నెలల పని మళ్లీ మొదటికొస్తుంది, ప్రత్యూషా. మూడు వందల పడవలంటే వాటి వెనక రెండువేల ఇళ్లు. ఆ ఇళ్లవాళ్లు కూడా ఊపిరి పీల్చేవాళ్లే."

ఆవిడ అన్నదాంట్లో తప్పు లేదు. అందుకే అంత కష్టంగా ఉంది. "పది రోజులివ్వండి. ఒకరి ఊపిరి తీసుకుని పనిచేసే పద్ధతిని రేపు ప్రతి రేవుకీ నేర్పలేను," అన్నాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను తొక్కేశాను. ఇంకో పన్నెండు మందిచేత తొక్కించడం నా వల్ల కాదు.

పది రోజులిచ్చారు.

పాత ఉప్పు సీలు వేసి పంపేశాం. కాలువ, బండ, గోడలు తుడిచి కడిగాం. కొత్త ఉప్పు కలిపి గుడ్డ ముంచాను. జాడించాను. తూస్తే గుడ్డ మీద ఏమీ లేదు. ఇంకో గుడ్డ. ఏమీ లేదు. ఐదు రోజులు గడిచాయి. కరక్కాయ వగరు ఈ కొత్త ఉప్పుని చుట్టం చూపుగా కూడా పలకరించడం లేదు.

ఆరో రోజు పొద్దున ఇంట్లో కాఫీ గ్లాసు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. మామయ్య ఎదురు కుర్చీలో ఉన్నారు. అప్పటికి నాలుగైదు మాటలు కలిపి అనగలుగుతున్నారు.

"పట్టట్లేదా?"

"లేదు మామయ్యా."

"గుడ్డ ముక్కేదన్నా... ఉందా? మందులో ముంచనిది."

బ్యాగులో కరక్కాయ, పాలు పట్టించిన ముక్క ఒకటుంది. ఇచ్చాను. ఆయన అంచు నాలుక మీద పెట్టుకుని, వంటలో ఉప్పు చూసినట్టు చప్పరించారు. అద్దకంలో పటిక నీళ్లయినా, కరక్కాయ నీళ్లయినా వాళ్లు అలాగే చూస్తారు. పాత ఉప్పు రోజుల్లో ఈ అలవాటుకి ఎన్నిసార్లు కేకలేశానో.

"పుల్లగా ఉంది," అన్నారు. "పాత మందుకి... సరే ఇది. నువ్వు మందు మార్చావు. గుడ్డని మార్చావా?"

"అంటే?"

"పులుపు విరగాల. సున్నపు తేటలో... ఒక్క ముంచు. ఎక్కువ కాదు, గుడ్డ చచ్చిపోద్ది."

గ్లాసు కింద పెట్టేశాను. చదువుకున్న చదువంతా నా మొహాన ఫెళ్లున కొట్టినట్టయింది. పాత ఉప్పులో ప్లాటినం ఉండేది ఋణావేశంతో. కొత్త ఉప్పులో ధనావేశంతో. పులుపు విరిస్తే కరక్కాయ వగరుకి ఋణావేశం వస్తుంది, అప్పుడు గదా ఇది వచ్చి అతుక్కునేది! కాలేజీలో మొదటి ఏడాది పాఠం. పిల్లలకి నేనే చెప్పాను.

మధ్యాహ్నానికి సున్నపు తేటలో ముంచిన గుడ్డ కొత్త ఉప్పుని పీల్చుకుంది. పట్టడమంటూ పట్టింది. ఇక జాడించాలి. జాడించే మనిషి ఆరు కిలోమీటర్ల అవతల కుర్చీలో ఉన్నారు.

చీర కుచ్చెళ్లు దోపి నేనే కాలువలోకి దిగాను. ఫోను గట్టు మీద పెట్టి వీడియోలో ఆయన్ని పిలిచాను. ఆయన తెర చూడలేదు. ఫోను చెవికి ఆనించుకున్నారు, నాకు ఆయన చెవి మాత్రమే కనిపిస్తోంది.

"బాదబాక. ఇది పిండి జాడించు. పిండేటప్పుడు... చప్పుడు వినపడాల నాకు."

జాడించి పిండాను.

"ఊహూఁ. ఇంకా జిగురుంది."

మళ్లీ పిండాను. పన్నెండు, పదిహేను, ఇరవైసార్లు. నా మణికట్లు లాగేస్తున్నాయి. ఇరవై మూడోసారి పిండినప్పుడు గుడ్డ నా వేళ్ల మధ్య ఒక్కసారిగా గరుకైంది. కొత్త గోనెసంచిని గోటితో గీకినట్టు చిన్న చప్పుడొచ్చింది.

"ఆఁ," అన్నారు ఫోన్లోంచి. "చాలు. తీసెయ్."

ఆయన చెప్పకముందే నేను తీసేస్తున్నాను. నా వేళ్లకి తెలిసింది.

ఆ గుడ్డ ఇరవై రెండో వంతు ప్లాటినంతో నిండు పలక పని చేసింది. రుక్సానా మేడమ్ అంకెలు చూసి, కళ్లజోడు తుడుచుకుని, మళ్లీ చూసి, "ఆ పన్నెండు మందినీ రమ్మను," అన్నారు. వచ్చారు. ఈసారి గ్లౌజులు విప్పినా భయం లేదు. అయినా మాస్కు తీసినవాడిని తీసినట్టే ఇంటికి పంపేదాన్ని, ఎంత మంచి గుడ్డ చేతిలో ఉన్నా సరే. నన్ను రాక్షసి అనుకున్నారు. అనుకోనిచ్చాను.

జూన్ పదిహేనున తెల్లవారుతుండగా రేవులో పడవలు వరసగా వచ్చి హైడ్రోజన్ నింపుకుని వెళ్లాయి. భార్గవ్ మీటరు ముందునుంచి కదల్లేదు. నూట ముప్పయ్యో పడవ వెళ్లాక వచ్చి నా పక్కన నిలబడి, "నాన్న ఫోన్ చేశాడు. ఎన్ని వెళ్లాయని అడిగాడు," అన్నాడు. ఆ నెలలో అతను తనంతట తను నాతో అన్న మొదటి మాట అది. నేను అతని చెయ్యి పట్టుకున్నాను. లాక్కోలేదు.

అందరూ సంతోషంగా ఉన్నారు. మామయ్య పేరు పేపర్లో పడింది. ఆయన మాత్రం అదే కుర్చీలో. పేపరు మడిచి పక్కన పెట్టి, "బానే ఉంది. మన గుడ్డలెట్టా జాడిస్తన్నారో... చూడాలని ఉంది," అన్నారు. నేను డాక్టరుగారి దగ్గరికి వెళ్లాను. కొత్త ఉప్పు ఈయనకి పడుతుందో లేదో తేల్చకుండా పంపేది లేదని ఆయన, తేల్చండని నేను.

జూలై మొదటి వారంలో పరీక్ష చేశారు. మామయ్య ముంజేతి మీద సూదితో రెండు చుక్కలు గుచ్చారు. ఒకటి మామూలు నీళ్లు, రెండోది కొత్త ఉప్పు బాగా పలుచన చేసింది. ఇరవై నిమిషాల్లో రెండో చోట దోమ కుట్టినట్టు పొంగితే అంతే సంగతులు. పక్క గదిలో మందులు, ఆక్సిజన్ సిద్ధంగా పెట్టారు. మామయ్య తన చేతిని వేరే ఎవరిదో అయినట్టు ముందు పెట్టుకుని చూస్తున్నారు. నేను ఆయన మొహం చూడలేక గడియారం చూస్తున్నాను. పద్నాలుగో నిమిషంలో ఆయన గోకబోయారు. చెయ్యి పట్టుకుని ఆపాను.

"ఏవీ లేదు, ఈగ," అన్నారు.

ఇరవై నిమిషాలకి డాక్టరుగారు వంగి చూశారు. వేలితో రాసి చూశారు. మరో పది నిమిషాలు ఆగమన్నారు. రెండు చుక్కలూ ఒకే తీరుగా చదునుగా ఉన్నాయి. తర్వాతి రెండు వారాల్లో ఇంకో రెండు పరీక్షలు చేశారు, ఊదించారు, నడిపించారు. పాడైనంత మేరా ఊపిరితిత్తులు ఇక బాగుపడవనీ, పీల్చే మందు జేబులోనే ఉండాలనీ, బరువులెత్తకూడదనీ చెప్పారు. చెప్పి, మొదటి రోజు పదిహేను నిమిషాలు కాలువ దగ్గర ఉండడానికి ఒప్పుకున్నారు.

ఆ రోజు నేను ఆయన కన్నా ముందే వెళ్లి కాలువలో దిగాను. ఊరికే నిలబడలేక ఒక గుడ్డ తీసుకుని జాడిస్తున్నాను. పన్నెండు మంది పనివాళ్లూ పని ఆపి గుమ్మం వైపు చూస్తున్నారు. భార్గవ్ ఆక్సిజన్ సిలిండరు పట్టుకుని వెనకే వస్తున్నాడు. మామయ్య మాస్కు సరిగ్గా పెట్టుకుని, మెల్లిగా గుమ్మం దాటారు. కాలువ గట్టుకొచ్చి నిలబడ్డారు. నాకు పంపు చప్పుడు తప్ప ఏమీ వినిపించడం లేదు. ఆయన ఛాతీలోంచి ఆ ఈల ఎప్పుడు మొదలవుతుందో అని చెవులు రిక్కించి, చేతిలో గుడ్డ సంగతే మర్చిపోయాను.

ఆయన నా చేతుల కేసి చూశారు. మొహం ఎర్రబడింది.

"ఏవమ్మాయ్, నీళ్లు అటు పారుతుంటే నువ్వు గుడ్డనిటు పట్టుకుని దిక్కులు చూస్తావేంటి, వదిలిన మడ్డంతా తిరిగొచ్చి దానికే అంటుకోదూ, ఇంతమందికి నేర్పావంట పేపర్లో రాశారు, ఇదేనా నేర్పింది, ఆ మూల పట్టుకో, ఎదురు తిప్పు, పిండు, అట్టా కాదు, బిడ్డకి తల తుడిచినట్టు పిండాలగానీ పగవాడి మెడ పట్టుకున్నట్టు కాదు, నలభై ఏళ్లు నేను జాడించింది ఇట్టాగేనా, మీ అత్త చూసుంటే ఏడ్చేది!"

మధ్యలో ఎక్కడా ఆగలేదు. ఎక్కడా ఊపిరి అందుకోలేదు. భార్గవ్ సిలిండరు కింద పెట్టి దాని మీదే కూర్చుండిపోయాడు.

నాకు కళ్లు కనిపించడం లేదు. గుడ్డ ఆయన చెప్పినట్టే ఎదురు తిప్పి పట్టుకున్నాను.

"సరిగ్గా వినపడలేదు మామయ్యా," అన్నాను. "మళ్లీ చెప్పండి."

ఆయన మొదటినుంచీ మొదలుపెట్టారు.